జూన్ 4, 2024: తేదీ ముందే తెలిసిన జంప్‌కు ధర కట్టిన తీరు

2024 మే 31న నిఫ్టీ 22,530.70 వద్ద ముగిసింది. జూన్ 5న 22,620.35 వద్ద ముగిసింది. తేడా 0.4 శాతం. ఈ రెండు అంకెలు మాత్రమే చూసినవారికి ఆ వారం మార్కెట్ నిద్రపోయిందనిపిస్తుంది. నిజానికి జూన్ 1 సాయంత్రం లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వెలువడ్డాయి. సోమవారం, జూన్ 3న సూచీ 3.25 శాతం ఎగిరి 23,263.90కు చేరింది. మంగళవారం ఓట్ల లెక్కింపు నాడు 5.93 శాతం పడి 21,884.50 వద్ద ఆగింది. పగలు ఒక దశలో 21,281.45 దాకా, అంటే ఎనిమిదిన్నర శాతం, జారింది. బుధవారం 3.36 శాతం తేరుకుంది.

ఆ వారం గురువారంతో, అంటే జూన్ 6తో గడువు ముగిసే నిఫ్టీ ఆప్షన్లకు, అంటే స్ట్రైక్ అనే ముందే నిర్ణయించిన ధరకు కొనే హక్కు (కాల్), అమ్మే హక్కు (పుట్)లకు, ధర కట్టడం మా ట్రేడింగ్ డెస్క్ పని. ఏ మోడల్ వాడాలి, దానికి అంకెలు ఎక్కడి నుంచి తీసుకోవాలి, వచ్చిన ధరను ఎలా కాపాడుకోవాలి అన్నవి ప్రశ్నలు. ఇందులో మూడోదాన్ని పాఠ్యపుస్తకాలు రెండు మాటల్లో దాటేస్తాయి. ఈ కేసులో అసలు విషయమంతా దానిలోనే ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. కింద వచ్చే సూచీ విలువలు, ఇండియా విక్స్ (ఆప్షన్ల ధరల నుంచి తీసే వోలటిలిటీ సూచీ) విలువలు అందరికీ తెలిసిన ముగింపు అంకెలు. ఆప్షన్ల ఇంప్లైడ్ వోలటిలిటీలు (సూచీ ఎంత ఊగుతుందని ఆప్షన్ ధరలో దాగి ఉన్న అంచనాలు) మాత్రం లెక్క అర్థం కావడానికి నేను గుండ్రంగా తీసుకున్నవి. వాటిని ఆ రోజు తెర మీద కనిపించిన కోట్లుగా చదవవద్దు.

మామూలు మోడల్, మెర్టన్ మోడల్

ఆప్షన్లకు మామూలుగా వాడే బ్లాక్–షోల్స్ మోడల్‌లో సూచీ ధర బ్రౌనియన్ చలనంతో, అంటే యాదృచ్ఛికమైన అతి చిన్న అడుగులతో, కదులుతుంది. దారి ఎక్కడా తెగదు. విస్తృతి (ప్రామాణిక విచలనం వర్గం) రోజులతో సమానంగా పెరుగుతుంది, ప్రామాణిక విచలనం కాలం వర్గమూలంతో పెరుగుతుంది. ఏడాదికి 15 శాతం వోలటిలిటీ అనుకుంటే ఒక ట్రేడింగ్ రోజుకు సుమారు 0.95 శాతం. ఆ కొలమానంతో చూస్తే జూన్ 4 నాటి పతనం ఆరు ప్రామాణిక విచలనాలు దాటింది. నార్మల్ విభాజనం ప్రకారం మానవ చరిత్రలో ఒక్కసారి కూడా జరగకూడనిది. అయినా జరుగుతుందని మార్కెట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ రెండు నెలల ముందే తెలుసు. ఏ దిక్కుకో, ఎంతో తెలియదు, అంతే.

1976లో రాబర్ట్ మెర్టన్ ఈ తెగని దారికి జంప్‌లు, అంటే ధర ఒక్కసారిగా ఎగరడం లేదా పడటం, కలిపాడు. జంప్‌లు పాయిజాన్ ప్రక్రియ ప్రకారం వస్తాయి: ఏడాదికి సగటున ఎన్ని వస్తాయో తెలుస్తుంది, ఎప్పుడు వస్తాయో తెలియదు. ప్రతి జంప్ పరిమాణం వేరే యాదృచ్ఛిక చలరాశి. ఆప్షన్ ధర కట్టే పద్ధతి కూడా ముచ్చటగా ఉంటుంది. ఒక్క జంప్ కూడా రాకపోతే ఎంత, ఒకటి వస్తే ఎంత, రెండు వస్తే ఎంత అని ఒక్కో పరిస్థితికి బ్లాక్–షోల్స్ ధర కట్టి, వాటిని పాయిజాన్ సంభావ్యతలతో తూచి కలుపుతారు. జంప్‌ల సగటు ప్రభావాన్ని డ్రిఫ్ట్‌లోంచి (ధర సగటు ధోరణిలోంచి) తీసేయాలి. అది మరిచిపోతే మోడల్ ఫ్యూచర్స్ (సూచీని ముందు తేదీకి కొనే, అమ్మే ఒప్పందాలు) ధరనే తప్పుగా చూపుతుంది.

ఈ మోడల్‌కు సరిగ్గా సరిపోయే సంఘటన హైదరాబాద్‌లోనే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికి వచ్చిన రోజున ఆ షేరు సుమారు 78 శాతం పడింది. ముందు రోజు ముగింపు 179 రూపాయలు, ఆ రోజు 40 రూపాయలలోపు. ఆ తేదీ ఎవరి కేలండర్‌లోనూ లేదు. ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట ఇలాంటిది వస్తుందని పెట్టుకునే చిన్న సంభావ్యతే దానికి తగిన మోడల్. 2015 జనవరి 15న స్విస్ సెంట్రల్ బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస మారకాన్ని ఎత్తేసిన రోజు కూడా ఆ కోవకే చెందుతుంది.

ఎన్నికల ఫలితం ఇందుకు పూర్తిగా తలకిందులు. ఏ రోజో తెలుసు, గంట కూడా తెలుసు. దానికి పాయిజాన్ జంప్ వాడితే ఏమవుతుందో చూడండి. మే 23 ముగింపున జూన్ 6 ఆప్షన్‌కు ఇంకా 10 ట్రేడింగ్ రోజులున్నాయి. ఆ ఆప్షన్ ధరకు సరిపోయేలా జంప్ తీవ్రతను అమర్చామనుకుందాం. మోడల్ దృష్టిలో ఆ జంప్ పది రోజుల్లో ఏ రోజైనా రావచ్చు. కాబట్టి ఒక్కో రోజు గడిచేకొద్దీ దాని విలువలో పదో వంతు చొప్పున కరిగిపోతుంది. జూన్ 3 ముగింపు నాటికి మిగిలేది పదింట మూడు వంతులు. కానీ ఓట్ల లెక్కింపు ఇంకా మొదలే కాలేదు!

రోజూ ఉదయం మోడల్‌ను మళ్లీ అమర్చుకుంటే ధర సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది. కానీ జంప్ తీవ్రత రోజురోజుకూ పెరుగుతూ పోతుంది. డెస్క్ లాభనష్టాల వివరణ పట్టికలో 'కారణం తెలియని' గడిలో ప్రతి సాయంత్రం ఒకే దిక్కుగా ఒక అంకె చేరుతుంది. కాలం గడిచినందుకు ఆప్షన్ ఇంత కోల్పోవాలని మోడల్ అంటుంది, ఆప్షన్ కోల్పోదు. ఆ గడి వరసగా ఒకే గుర్తుతో నిండుతోందంటే మోడల్ నిర్మాణమే తప్పని అర్థం; అంకెల్ని ఎంత సర్దినా లాభం లేదు.

అందుకే జంప్‌ను తేదీకి కట్టేశాం. మామూలు రోజుల్లో ధర తన వోలటిలిటీతో కదులుతుంది. జూన్ 4న మాత్రం ఒక యాదృచ్ఛిక చలరాశి దాన్ని ఒక్కసారిగా గుణిస్తుంది. సగటున ఆ జంప్ ఫ్యూచర్స్ ధరను మార్చకూడదన్నది ఒక్కటే షరతు. అనుకోకుండా వచ్చే పాయిజాన్ జంప్‌లను చిన్న తీవ్రతతో పక్కన ఉంచుకున్నాం, కానీ పది రోజుల ఆప్షన్‌లో వాటి బరువు నామమాత్రం.

విస్తృతిని విడదీయడం

ఆ జంప్ ఎంత పెద్దదని మార్కెట్ అనుకుంటోంది? ఇది తెలుసుకోవడానికి రెండు ఎక్స్‌పైరీలు (గడువు తేదీలు) కావాలి: ఫలితానికి ముందు ముగిసేది ఒకటి, తర్వాత ముగిసేది ఒకటి. మే 30 నెలవారీ ఎక్స్‌పైరీ, జూన్ 6 వారపు ఎక్స్‌పైరీ సరిగ్గా అలా కుదిరాయి.

మే 23న మే 30 ఆప్షన్ల వోలటిలిటీ 15 శాతం, జూన్ 6 ఆప్షన్లది 27 శాతం అనుకుందాం. ఏడాదికి 252 ట్రేడింగ్ రోజుల లెక్కన మొదటి అయిదు రోజుల మొత్తం విస్తృతి 0.000446. పది రోజులది 0.002893. తేడా 0.002446. ఇది మే 31, జూన్ 3, 4, 5, 6 అనే అయిదు రోజులది. వీటిలో జూన్ 3, 4 కాక మిగతా మూడింటిని మామూలు రోజులుగా లెక్కించి, వాటి వాటా తీసేస్తే 0.00218 మిగులుతుంది. వర్గమూలం కడితే 4.67 శాతం. ఎన్నికల వల్ల రావలసిన కదలికకు మార్కెట్ కడుతున్న ప్రామాణిక విచలనం అది.

ఇదే లెక్కను ఇండియా విక్స్‌తో చేసినా దగ్గరగానే వస్తుంది. జూన్ 3న విక్స్ 20.94. అది 30 కేలండర్ రోజుల కొలత. అందులోంచి 13 శాతం మామూలు వోలటిలిటీని తీసేస్తే మిగిలిన దానికి వర్గమూలం 4.7 శాతం. విక్స్ గురించి ఇంకో సంగతి ఉంది. ఏప్రిల్ 23న అది 10 దరిదాపులకు పడిపోయింది, మేలో 20 దాటింది. ఎన్నికల భయం హఠాత్తుగా రెట్టింపైందని ఆ రోజుల్లో చాలా రాశారు. ఏప్రిల్ 23 నుంచి 30 రోజులు లెక్కపెడితే మే 23 వస్తుంది. జూన్ 4 ఆ పరిధిలో లేదు. మే 5 దాటాక పరిధిలోకి వచ్చింది. నా లెక్కలో ఆ పెరుగుదలలో పెద్ద వాటా కేలండర్‌దే.

ఇక చిక్కు ఎక్కడంటే, 4.67 శాతం ఒక్క రోజుది కాదు. ఎగ్జిట్ పోల్స్ శనివారం సాయంత్రం వస్తాయి కాబట్టి జూన్ 3 కూడా జంప్ రోజే. ఆ రెండింటి మధ్య నిఫ్టీ ఎక్స్‌పైరీ లేదు. రెండింటికీ ఎంతెంత అన్నది నిఫ్టీ ఆప్షన్ల నుంచి తేలదు.

ఇక్కడ అప్పటి మార్కెట్ నిర్మాణం ఒక వరమైంది. 2024 మధ్యలో వారంలో ప్రతి రోజూ ఏదో ఒక సూచీకి ఎక్స్‌పైరీ ఉండేది. సోమవారం మిడ్‌క్యాప్ సెలెక్ట్, బ్యాంకెక్స్, మంగళవారం ఫిన్ నిఫ్టీ, బుధవారం బ్యాంక్ నిఫ్టీ, గురువారం నిఫ్టీ, శుక్రవారం సెన్సెక్స్. జూన్ 3న ముగిసే బ్యాంకెక్స్ ఆప్షన్‌లో ఎగ్జిట్ పోల్ ఉంది, ఫలితం లేదు. జూన్ 4న ముగిసే ఫిన్ నిఫ్టీలో రెండూ ఉన్నాయి, మర్నాటి ప్రతిస్పందన లేదు. బుధవారం బ్యాంక్ నిఫ్టీలో మూడూ ఉన్నాయి. బ్యాంకు షేర్ల సూచీల్లో నిష్పత్తి చూసి, దాన్ని నిఫ్టీకి బీటాతో (ఒక సూచీ కదిలితే ఇంకొకటి ఎంత కదులుతుందన్న నిష్పత్తితో) మార్చుకోవాలి. బ్యాంకెక్స్‌లో, మిడ్‌క్యాప్‌లో లావాదేవీలు పలుచన, కొనుగోలు–అమ్మకం ధరల మధ్య ఎడం ఎక్కువ. కాబట్టి వచ్చేది ఖచ్చితమైన అంకె అనుకోకూడదు. అయినా ఊహ కంటే నయం.

విస్తృతిలో నాలుగో వంతు ఎగ్జిట్ పోల్‌కు, మూడు వంతులు ఫలితానికి ఇస్తే జూన్ 3కు 2.33 శాతం, జూన్ 4కు 4.04 శాతం వస్తాయి. ఇకపై ఈ విభజననే వాడతాను. పోల్చి చూడండి: పాయిజాన్ మోడల్ జూన్ 3 సాయంత్రానికి మిగిల్చేది 2.6 శాతమే.

ఒకే విచలనం, రెండు ఆకారాలు

4 శాతం అంటే సరిపోదు, ఆ 4 శాతం ఏ ఆకారంలో ఉందో కూడా కావాలి. మెర్టన్ జంప్ పరిమాణానికి నార్మల్ ఆకారం తీసుకున్నాడు. 2002లో స్టీవెన్ కౌ రెండు వైపులా వేర్వేరు ఘాతీయ తోకలు పెట్టాడు. ఎన్నికలకు ఈ రెండూ నప్పవు, ఎందుకంటే ఫలితం రాజకీయంగా కొన్ని ముక్కలుగా వస్తుంది. ప్రభుత్వం కొనసాగితే మార్కెట్ కొద్దిగా పైకి, మారితే బాగా కిందికి. మధ్యలో ఆగడానికి కారణం తక్కువ. అంటే విభాజనానికి రెండు శిఖరాలు.

జూన్ 3 సాయంత్రం 85 శాతం సంభావ్యతతో సగటున 1.46 శాతం పైకి, 15 శాతం సంభావ్యతతో సగటున 8.25 శాతం కిందికి, ఒక్కో శిఖరం చుట్టూ 2 శాతం విచలనం అని పెడదాం. మొత్తం సగటు సున్నా, మొత్తం విచలనం 4 శాతం. దీన్ని 4 శాతం విచలనమున్న ఒకే నార్మల్ జంప్‌తో పోల్చాను. తర్వాతి రెండు రోజులకు ఒక్కో శాతం విచలనం కలిపాను. లెక్క తేలికగా ఉండాలని శాతాలనే నార్మల్‌గా తీసుకున్నాను. లాగరిథమ్‌లో చేస్తే అంకెలు కాస్త జరుగుతాయి, కథ మారదు.

సూచీ ఉన్న చోటే స్ట్రైక్ ఉన్న పుట్‌కు నార్మల్ జంప్ సుమారు 394 పాయింట్లు ఇస్తుంది, రెండు శిఖరాలది 370. పెద్ద తేడా లేదు. 7 శాతం కింద, 21,650 దరిదాపులో ఉన్న పుట్‌కు నార్మల్ జంప్ 20 పాయింట్లు చెబుతుంది, రెండు శిఖరాలు 60 చెబుతాయి. 5 శాతం పైన, 24,400 దరిదాపులో ఉన్న కాల్‌కు నార్మల్ 58, రెండు శిఖరాలు 16. మధ్యలో ఏకీభవించిన రెండు మోడళ్లు రెక్కల దగ్గర, అంటే సూచీకి దూరంగా ఉన్న స్ట్రైక్‌లలో, మూడేసి రెట్లు విభేదిస్తున్నాయి, అదీ చెరో దిక్కున. స్ట్రాడిల్ (ఒకే స్ట్రైక్ ఉన్న కాల్, పుట్ జత) ధర ఒక్కటే చూసి జంప్‌ను అమర్చేవారికి ఇది కనిపించదు. అప్పటి లాట్ (ఒక్కో కాంట్రాక్టు పరిమాణం) 25. పుట్‌లో 40 పాయింట్ల తేడా అంటే లాట్‌కు వెయ్యి రూపాయలు. వేల లాట్లున్న బుక్‌లో ఆ మొత్తం ఎంతో చెప్పనక్కరలేదు.

లెక్కకు సిమ్యులేషన్ అక్కరలేదు. జంప్ ఏ శిఖరం నుంచి వచ్చిందో తెలిస్తే మిగిలింది నార్మలే. కాబట్టి ఒక్కో శిఖరానికి సూటి సూత్రంతో ధర కట్టి 85, 15 బరువులతో కలిపితే చాలు. దారి మీద ఆధారపడే ఆప్షన్లకు మాంటె కార్లో (యాదృచ్ఛిక దారులతో చేసే సిమ్యులేషన్) తప్పదు. అక్కడ కూడా సూటిగా లెక్కకట్టగలిగిన భాగాన్ని సూత్రానికే వదిలి, మిగతాదాన్ని మాత్రమే సిమ్యులేట్ చేస్తే సమాధానంలో గజిబిజి బాగా తగ్గుతుంది. ఈ కిటుకుకు ఆధారం రావ్–బ్లాక్‌వెల్ సిద్ధాంతం. ఆ రావ్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి. ఆర్. రావు. 1945లో అంచనాల సిద్ధాంతం కోసం రాసిన ఫలితం ఇప్పుడు ప్రతి ఆప్షన్ డెస్క్ సర్వర్‌లోనూ పేరు చెప్పకుండా నడుస్తోంది.

ఫలితం సంగతికొస్తే, బీజేపీకి 240 సీట్లు వచ్చాయి, ఎన్డీయేకు 293. మెజారిటీకి 272 కావాలి. అంటే ప్రభుత్వం మారలేదు, అలాగని ఎగ్జిట్ పోల్స్ చెప్పినట్టు ఒంటరి మెజారిటీ కూడా రాలేదు. సూచీ కూడా రెండు శిఖరాల మధ్య, కింది శిఖరం వైపు ఆగింది. పగలు రెండో శిఖరం దాకా, కొంచెం అవతలికి కూడా వెళ్లి, ప్రభుత్వం నిలుస్తుందన్న లెక్క తేలాక వెనక్కి వచ్చింది. మే 31 సాయంత్రం ధరల్లో సంకీర్ణం అనే మూడో శిఖరానికి చోటు ఉండాలి. జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఆ శిఖరాన్ని దాదాపు చెరిపేశాయి. ఎగ్జిట్ పోల్ సమాచారాన్ని ఎంత నమ్మాలన్నది మోడల్ బయట ఉండే ప్రశ్న. నా అభిప్రాయంలో అలాంటి చోట మూడో శిఖరానికి చిన్నదైనా కొంత బరువు వదిలిపెట్టడమే మేలు. దాని ఖర్చు మధ్య స్ట్రైక్‌లలో కొన్ని పాయింట్లు మాత్రమే.

అదే ఆప్షన్, రెండు ఖాతాలు

మే 31 ముగింపున, 22,530.70 స్ట్రైక్‌తో జూన్ 6 స్ట్రాడిల్ తీసుకుందాం. అలాంటి స్ట్రైక్ ఎక్స్ఛేంజ్‌లో ఉండదు, లెక్క కోసమే. పై విస్తృతుల ప్రకారం మిగిలిన నాలుగు రోజుల విచలనం 4.86 శాతం, స్ట్రాడిల్ ధర సుమారు 873 పాయింట్లు.

కొని, ఏమీ చేయకుండా గురువారం దాకా ఉంచుకున్నవారికి ఏం వచ్చింది? జూన్ 6న నిఫ్టీ 22,821.40 వద్ద ముగిసింది. చేతికి 291 పాయింట్లు వచ్చాయి. 582 పాయింట్ల నష్టం. పదిహేనేళ్లలో ఎన్నడూ లేని ఎన్నికల కుదుపులో వోలటిలిటీ కొని మూడింట రెండు వంతుల డబ్బు పోగొట్టుకోవడం!

ఇప్పుడు అదే స్ట్రాడిల్ కొని, రోజూ ముగింపు ధర దగ్గర ఫ్యూచర్స్‌తో డెల్టా (సూచీ ఒక పాయింటు కదిలితే స్ట్రాడిల్ ధర ఎంత కదులుతుందో ఆ అంకె) సరిచేసిన, అంటే హెడ్జ్ చేసిన, వారి ఖాతా చూద్దాం. ఖర్చులు లెక్కలోకి తీసుకోలేదు. సోమవారం సూచీ 733 పాయింట్లు ఎగిరింది; స్ట్రాడిల్ 873 నుంచి 997కు చేరింది, లాభం 124. సాయంత్రం డెల్టా 0.54, అంత మేరకు ఫ్యూచర్స్ అమ్మారు. మంగళవారం సూచీ 1,379 పాయింట్లు పడింది. స్ట్రాడిల్ విలువ 348 తగ్గింది, అమ్మిన ఫ్యూచర్స్ మీద 746 వచ్చింది, నికరంగా 398. సాయంత్రం డెల్టా మైనస్ 0.97, ఫ్యూచర్స్ కొన్నారు. బుధవారం సూచీ 736 పాయింట్లు పైకి వచ్చింది, నికరంగా 252. గురువారం ఇంకో 40. మొత్తం 814 పాయింట్ల లాభం.

ఒకే ఆప్షన్, ఒకే కొనుగోలు ధర. ఒకరికి 582 నష్టం, ఇంకొకరికి 814 లాభం. అమ్మినవారి వైపు నుంచి చూస్తే ఇంకా విచిత్రం: పుస్తకంలో చెప్పినట్టు రోజూ హెడ్జ్ చేసిన అమ్మకందారు 814 పాయింట్లు పోగొట్టుకున్నాడు, చేతులు కట్టుకుని కూర్చున్నవాడు 582 మిగుల్చుకున్నాడు. కూర్చున్నవాడు తెలివైనవాడని అర్థం కాదు. మంగళవారం మధ్యాహ్నం 21,281 దగ్గర అతనికి మార్జిన్ పిలుపు (వెంటనే అదనపు సొమ్ము జమ చేయమన్న ఆదేశం) వచ్చి ఉంటే ఆ 582 కథ అక్కడే ముగిసేది.

కారణం సూటిగానే ఉంది. దారి తెగకుండా, అతి చిన్న అడుగులతో కదిలితే హెడ్జ్ చేసిన ఖాతా రోజువారీ కదలికల వర్గాల మొత్తాన్ని వసూలు చేస్తుంది, ఆ మొత్తం ముందుగా కట్టిన విస్తృతికి దగ్గరగా వస్తుంది. ఇక్కడ నాలుగు రోజుల వర్గాల మొత్తానికి వర్గమూలం 7.7 శాతం, ముందు కట్టింది 4.86. హెడ్జ్ చేయని ఖాతాకు మాత్రం మొదటి, చివరి ధరల తేడా ఒక్కటే లెక్క, అది 1.3 శాతం. జంప్‌లు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో వచ్చిన వారం కాబట్టి ఈ రెండు కొలతల మధ్య ఇంత అగాధం ఏర్పడింది.

బ్లాక్–షోల్స్ ప్రపంచంలో డెల్టా హెడ్జ్ రిస్కును పూర్తిగా తీసేస్తుంది, అందుకే ధర ఒక్కటే ఉంటుంది. జంప్ ఉన్న ప్రపంచంలో ఫ్యూచర్స్ ఒక్కటితో ఏ హెడ్జ్ కూడా పూర్తి కాదు. జంప్ పరిమాణాలు ఎన్ని ఉంటే అన్ని రకాల ఆప్షన్లు చేతిలో ఉండాలి. రెండు శిఖరాల మోడల్‌లో కనీసం కింది రెక్కలో ఒక పుట్ కావాలి. అందుకే అమ్మిన స్ట్రాడిల్‌కు డెల్టాతో పాటు 21,650 లాంటి పుట్ కూడా కొని పెట్టుకున్నప్పుడే మోడల్ చెప్పిన ధరకు అర్థం ఉంటుంది. ఆ పుట్‌ను 20కి కొనగలమా, 60కి కొనవలసి వస్తుందా అన్నది స్ట్రాడిల్‌కు మనం అడగవలసిన ధరను నిర్ణయిస్తుంది. ధర కట్టేటప్పుడే హెడ్జ్ ఏమిటో రాసుకోవాలి. మా దగ్గర ధర పత్రంలో ఇప్పుడు దానికి వేరే గడి ఉంది. అది ఖాళీగా ఉంటే రిస్క్ విభాగం సంతకం చేయదు.

సంభావ్యత ఎవరిది?

85–15 అన్న సంభావ్యతలు ఓటర్లవి కావు. అవి ధరల నుంచి పిండినవి. వాటిలో భయానికి కట్టే రుసుము కలిసి ఉంటుంది. మెర్టన్ 1976లో జంప్ రిస్కు ఒక్కో కంపెనీకి ప్రత్యేకమైనదనీ, చాలా షేర్లు కలిపి పెట్టుకుంటే కరిగిపోతుందనీ, కాబట్టి దానికి అదనపు రుసుము ఉండదనీ అనుకున్నాడు. సత్యం షేరుకు ఆ ఊహ కొంతవరకు నడుస్తుంది. నిఫ్టీకి నడవదు. సూచీ జంప్ అంటే మార్కెట్టే జంప్ చేయడం. దాన్ని ఇంకెక్కడికి పంచుతాం?

చరిత్ర నుంచి అసలు సంభావ్యత తీయవచ్చు కదా అని కొత్తగా చేరినవారు అడుగుతారు. 2004 మే 17న నిఫ్టీ 12.24 శాతం పడింది, అదీ ఫలితాలు వచ్చిన నాలుగు రోజులకు. 2009 మే 18న 17.74 శాతం ఎగిరింది, అప్పర్ సర్క్యూట్ తాకి ఆ రోజుకు మార్కెట్ మూతపడింది. 2014 మే 16న 1.12 శాతం పైకి, 2019 మే 23న 0.69 శాతం కిందికి. ఆ తర్వాత 2024. అయిదు అంకెలు, రెండు గుర్తులు, ఇంత వెడల్పు. వీటితో విచలనాన్ని కూడా నమ్మకంగా అంచనా వేయలేం. 2009 అంకె ఇంకొకటి గుర్తు చేస్తుంది: జంప్ తర్వాత వెంటనే హెడ్జ్ సరిచేస్తామని మోడల్ అనుకుంటుంది, ఆ సోమవారం నాటి 'వెంటనే' మంగళవారం ఉదయం వచ్చింది.

జంప్ అయిపోయాక వోలటిలిటీ తగ్గాలి అన్నది మా మోడల్ మొదటి కూర్పులో ఉన్న ఊహ. సాధారణంగా నిజమే. జూన్ 4న విక్స్ తగ్గలేదు, 20.94 నుంచి 26.75కు పెరిగింది. ప్రభుత్వం ఎవరి మద్దతుతో నిలుస్తుందన్న ప్రశ్న ఆ సాయంత్రం తెరిచే ఉంది. తెలుగుదేశం 16, జేడీయూ 12. ఢిల్లీ లెక్క అమరావతి, పట్నాల మీద ఆధారపడిన రాత్రి అది. బుధవారం మిత్రపక్షాలు ఎన్డీయేతోనే ఉంటామని చెప్పాక విక్స్ 18.88కి దిగింది. డేవిడ్ బేట్స్ 1996 మోడల్‌లో వోలటిలిటీ యాదృచ్ఛికంగా కదులుతుంది, ధర జంప్ చేస్తుంది, కానీ ఆ జంప్ వోలటిలిటీని తాకదు. ధర, వోలటిలిటీ కలిసి జంప్ చేసే అమరికను 2000లో డఫీ, పాన్, సింగిల్‌టన్ ఇచ్చారు. ఎన్నికల ఆప్షన్లకు అదే తగింది: కింది శిఖరం వస్తే వోలటిలిటీ కూడా పైకి, పై శిఖరం వస్తే కిందికి. జూన్ 6 ఆప్షన్‌కు దీని ప్రభావం తక్కువ. జూన్ 27 నెలవారీ ఆప్షన్లకు మాత్రం ఇది లేకుండా ధర కట్టడం అర్థరహితం.

2024 అక్టోబరులో సెబీ వారపు ఎక్స్‌పైరీలను ఒక్కో ఎక్స్ఛేంజ్‌కు ఒక్క సూచీకే పరిమితం చేసింది. నవంబరు 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. బ్యాంక్ నిఫ్టీ, ఫిన్ నిఫ్టీ, మిడ్‌క్యాప్, బ్యాంకెక్స్ వారపు ఆప్షన్లు పోయాయి. చిన్న మదుపరుల దృష్టితో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. అయితే సోమవారం జంప్‌ను మంగళవారం జంప్ నుంచి విడదీసే కొలబద్ద దాంతోపాటే పోయింది. ఇప్పుడు బడ్జెట్‌కో, వచ్చే ఎన్నికలకో ఇదే లెక్క చేయాలంటే నిఫ్టీ, సెన్సెక్స్ వారపు ఎక్స్‌పైరీల మధ్య ఉన్న ఒకటి రెండు రోజుల ఎడమే దిక్కు. రెండు జంప్‌లు ఆ ఎడంలోనే పడితే, నాలుగో వంతు–మూడు వంతులు లాంటి విభజనను ట్రేడరే చేత్తో పెట్టి, 20 శాతం నుంచి 40 శాతం దాకా మార్చి చూసి, ధర ఎంత ఊగుతుందో దాన్ని కొనుగోలు–అమ్మకం ధరల ఎడంలో కలుపుకోవాలి.